చుక్కల్లేని డిస్కులు

కంప్యూటరాయన నాలుగు డిస్కుల్నీ సూపరింటెండెంటు బల్ల మీద పేకముక్కల్లా పరిచి, మొదటి దాని మీదున్న స్టిక్కరు అంచుని గోటితో లేపాడు. అది అంత తేలిగ్గా రాలేదు. అంటించినవాడు నాలుగు మూలలా బొటనవేలితో నొక్కి మరీ అంటించాడు. చివరికి చర్రుమని ఊడింది. ఉబ్బెత్తు చుక్కల స్టిక్కరు కింద నీలం మార్కరుతో రాసిన అక్షరాలు బయటపడ్డాయి. ‘బ్యాకప్ ఒకటి. చెరపవద్దు.’

“చూశారా సార్? ఇంతకంటే పెద్దగా రాయాలంటే గోడ మీద రాయాలి.”

సూపరింటెండెంటు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. రెండోసారి చదివాడు. తలెత్తి బల్లకి అవతల నిలబడ్డ చుక్కలాయన్ని చూశాడు.

“ఏమయ్యా, చెరపొద్దని రాసుందిగా!”

తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న పాఠాలమ్మకి తను విన్నది నిజమేనా అనిపించింది. పుట్టుకతో చూపులేని మనిషిని పట్టుకుని రాసుంది కదా అంటున్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. ఎవరికీ అది నవ్వే మాటలా తోచనట్టుంది.

“చుక్కలు లేవండీ,” అన్నాడు చుక్కలాయన నెమ్మదిగా. “చుక్కల్లేని డిస్కు ఖాళీ డిస్కు. పదకొండేళ్ళుగా మన దగ్గర అంతే కదండీ.”

అది చూపులేని పిల్లలకి పాఠాలు వినిపించే గ్రంథాలయం. పై అంతస్తులో ప్లైవుడ్ గోడ కట్టిన గదిలో కూర్చుని ఆమె పాఠ్యపుస్తకాలు పైకి చదివి రికార్డు చేస్తుంది. పాఠాలమ్మ అన్న పేరు పిల్లలు పెట్టిందే. గోడకి ఇవతల బల్ల దగ్గర ఆయన ఆ పాఠాల్ని డిస్కుల్లోకి ఎక్కించి, దేన్లో ఏముందో సూదితో చుక్కలుగా పొడిచి, స్టిక్కరు అంటించి పిల్లలకి పంపుతాడు. డిస్కులు చెరిపి మళ్ళీ రాసుకునే రకం. పిల్లలు విని తిరిగిచ్చాక స్టిక్కరు పీకేసి ఎడమవైపు దొంతిలో పడేస్తాడు. వేలికి నున్నగా తగిలిందల్లా ఖాళీ కింద లెక్క. ఆ పద్ధతి ఎవరూ కాగితం మీద రాయలేదు. రాయాల్సిన అవసరమూ రాలేదు.

రెండు నెలల కిందట కంప్యూటరాయన వచ్చి, రెండేళ్ళ పాఠాల్నీ ఆరు డిస్కుల్లోకి దింపి, మార్కరుతో రాసి, బల్ల మీద ఎడమవైపు పెట్టేసి వెళ్ళాడు. శనివారం మధ్యాహ్నం పాఠాలున్న కంప్యూటరు టకటకమని నాలుగు సార్లు కొట్టుకుని ఆగిపోయింది. హార్డ్ డిస్కు పోయిందన్నారు. బ్యాకప్ ఏదీ అని వెతికితే నాలుగు డిస్కులు పంపడానికి సిద్ధంగా ఉన్న అరలో దొరికాయి, పద్యభాగం, రసాయనశాస్త్రం, పౌరశాస్త్రం అంటూ చుక్కలు పెట్టుకుని. తక్కిన రెండూ ఏ హాస్టల్లోనో ఎవరి చెవిలోనో పాఠం చెబుతున్నాయి.

“పోనీ, నాలుగన్నా దొరికాయి. గుడ్డిలో మెల్ల,” అని సూపరింటెండెంటు నాలిక కరుచుకున్నాడు.

“మెల్ల కూడా కాదండీ. నాలుగింట్లోనూ పిల్లల పాఠాలే ఉన్నాయి,” అన్నాడు చుక్కలాయన.

సూపరింటెండెంటు గొంతు సవరించుకుని సొరుగులోంచి రెండు కాగితాలు తీశాడు. అప్పటికే టైపు చేసి ఉన్నాయి. “వచ్చే సోమవారం నించి నువ్వు కింద కవర్ల గదిలో కూర్చోవయ్యా. కవర్లు అంటించడంలో చూడాల్సిందేం లేదు. డిస్కులు కళ్ళున్నవాళ్ళకి ఎవరికైనా అప్పజెబుదాం. అమ్మా, ఇది కమిటీకి వెళ్ళే రిపోర్టు. సాక్షి దగ్గర మీరో సంతకం పెట్టండి.”

ఆమె చదివింది. ‘సదరు ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల’ అని మొదలైంది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఎక్కడో చచ్చిన యంత్రం వచ్చి ఈయన మీద పడింది. చుక్కలు పొడిచే మనిషి బల్ల మీద నున్నటి డిస్కులు పెట్టి పోయిన పెద్దమనిషి ఎదురుగానే ఉన్నాడు, చేతిలో ఊడదీసిన స్టిక్కరుని ఉండ చుడుతూ.

“బ్యాకప్ కూడా ఈయన చేతే చేయించి ఉంటే ఇలా అయ్యేది కాదు. చుక్కలు తనే పెట్టుకునేవారు,” అంది.

“కళ్ళు కావాలి మేడమ్,” కంప్యూటరాయన నవ్వాడు. “ఆ సాఫ్ట్‌వేర్ నిండా బొమ్మలే.”

“బొమ్మల్లేనిది తెస్తాను.”

“తేండి. సంతలో వంకాయల పక్కన పోసుంటాయి.”

“తెస్తే?” ఆమె సూపరింటెండెంటునే చూస్తూ అడిగింది. “ఆయనే సొంతంగా చేసి చూపిస్తే కవర్ల గది ఆర్డరు వెనక్కి తీసుకుంటారా?”

ఆయన కాగితాల అంచులు కలిపి బల్ల మీద తట్టాడు. “శుక్రవారం పదకొండింటికి. నా ఎదురుగా ఆయనొక్కడే చెయ్యాలి. మీరు వేలు పెట్టకూడదు. కాదంటే సంతకం పెట్టాలి మరి.”

ఆమె మెట్లెక్కుతూ ప్రతి మెట్టునీ తన్నుతోంది. వెనక చుక్కలాయన కర్రతో కాక, ఎప్పట్లా రెయిలింగు మీద రెండు వేళ్ళు జార్చుకుంటూ వస్తున్నాడు.

“మెట్ల మీద కోపం వద్దు చెల్లెమ్మా. కాలు జారితే పాఠాలు చదివేవాళ్ళుండరు.”

“మీకు కోపం రావట్లేదా అన్నయ్యగారూ?”

“వస్తోంది. నేను చూపించుకోను. మీరు చూపించుకోగలరు కాబట్టి చూపిస్తున్నారు,” అని ఆయన ముందుకి వెళ్ళిపోయాడు.

*

మంగళవారం పొద్దున్నే పాత సాఫ్ట్‌వేర్‌ని ఆయన బల్ల మీది కంప్యూటర్లో తెరిపించి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే మర గొంతు ఆయనకి కళ్ళు. ఆయన ట్యాబ్ మీట నొక్కాడు.

“గ్రాఫిక్,” అంది గొంతు. మళ్ళీ నొక్కాడు. “గ్రాఫిక్. బటన్. గ్రాఫిక్. గ్రాఫిక్. బటన్.”

“ఏం గ్రాఫిక్? ఏం బటన్?”

“అది దానికే తెలీదు. చెప్పడానికి అక్కడ మాట రాసి ఉండాలి కదా. ఏడు సార్లు నొక్కి, కింది బాణం రెండు సార్లు, తర్వాత ఎంటర్. పిల్లల డిస్కుకి అదీ దారి. ఎవరూ చెప్పలేదు, తడుముకుంటూ నేనే పట్టుకున్నాను. బ్యాకప్‌కి దారి మాత్రం రోజుకోలా మారుతుంది.”

అంటే పదకొండేళ్ళుగా ఈ మనిషి నోరు లేని తలుపుల్ని లెక్కపెట్టుకుంటూ పనిచేస్తున్నాడు. ఆ తలుపులు పెట్టినవాడేమో కళ్ళు కావాలి మేడమ్ అంటున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం కూడా కాదిది. మద్దెల దాచేసి, వీడికి ఆట రాదనడం.

ఆ రోజంతా ఆమె రికార్డింగు ముట్టుకోలేదు. ఆఫీసు గదిలో ఇంటర్నెట్ ముందు కూర్చుని, ‘తేలికైనది’, ‘అందరికీ’, ‘ఒక్క నొక్కుతో’ అని రాసుకున్నవన్నీ ఒక్కొక్కటే తెచ్చి ఆయన బల్ల మీద ప్రయత్నించింది. మొదటిది తెరుచుకోగానే సంగీతం మొదలెట్టింది. ఆ హోరులో మర గొంతు ఏమందో ఆయనకీ వినపడలేదు. పైగా పెళ్ళి సినిమా చేస్తారా, పుట్టినరోజు సినిమా చేస్తారా అని అడిగింది. రెండోది చెప్పినట్టే విని చకచకా రాసేసింది. ఆ డిస్కుని ఆఫీసు కంప్యూటర్లో పెడితే అందులో ఏమీ లేదంది. తను రాసింది తనే చదువుకుంటుందిట, వేరేవాళ్ళకి చూపించదు. మూడోది సగం దాకా చేసి, మిగతా సగం కావాలంటే కొనుక్కోమంది.

“ఇవన్నీ ఎవరి కోసం చేస్తారు అన్నయ్యగారూ? నాలుగు ఫైళ్ళు తీసి డిస్కు మీద పెట్టమంటే ఊరేగింపు ఎందుకు?”

ఆయన ఫోనులో ఉన్నాడు. బయట ఎవరి దగ్గర ఏ డిస్కుందో ఆయనకి నోటికొచ్చు. పోయిన పాఠాల్లో కొన్నైనా పిల్లల దగ్గరున్న డిస్కుల్లోంచి వెనక్కి తెచ్చుకోవచ్చని రెండు రోజులుగా హాస్టళ్ళకి ఫోన్లు చేస్తున్నాడు.

“బాబూ, వృక్షశాస్త్రం నీ దగ్గరే ఉందా? నాలుగు నెలలైంది తిరిగివ్వక. కాదు నాన్నా, తిట్టడానికి కాదు, నీ బద్ధకానికి దణ్ణం పెట్టడానికి చేశాను. చెరపకుండా, గీత పడకుండా పంపించు.” ఫోను పెట్టేసి చుక్కల్లో ఏదో పొడుచుకున్నాడు. “పంతొమ్మిది దొరికాయి. బుద్ధిగా వెంటనే తిరిగిచ్చేసినవాళ్ళవే పోయాయి.”

పంతొమ్మిది డిస్కులు పోను ఇంకా ముప్ఫై ఎనిమిది పుస్తకాలు ఎక్కడా లేవు. గొంతు బొంగురుపోయి వేడినీళ్ళు తాగుతూ చదివిన గణితం లేదు. అంకెలన్నీ విడివిడిగా పలికి, బొమ్మల్ని మాటల్లో వర్ణించి వర్ణించి పదిహేను రోజులు చేసిన భూగోళమూ లేదు. ఆమె వాటి గురించి తలుచుకోదలుచుకోలేదు. అవి మళ్ళీ చదవొచ్చు. కవర్ల గదిలోకి వెళ్ళిన మనిషి తిరిగి పైకి రావడం మాత్రం ఆమె ఇంతవరకూ చూడలేదు.

నాలుగింటికి కంప్యూటరాయన కొత్త హార్డ్ డిస్కు బిగించడానికి వచ్చి తలుపులోంచి తొంగిచూశాడు. “దొరికాయా మేడమ్, వంకాయలు?”

“పుచ్చులేనివి ఏరుతున్నాం,” అంది తల తిప్పకుండా.

*

బుధవారం కూడా ఏదీ దొరకలేదు. సాయంత్రం ఇంటికొచ్చి గిన్నె మీద మూత ధభీమని పెడితే, వార్తలు చూస్తున్న ఆమె భర్త, “మధ్యలో నీకెందుకా గొడవ? సంతకమేగా, గీకేసి రాకపోయావా?” అన్నాడు.

ఆమె పొయ్యి కట్టేసింది. “కూర సగం ఉడికింది. మిగతా సగం మీరు చూసుకోండి,” అని చెప్పులేసుకుని వదిన షాపుకి నడిచింది.

వదిన అంటే భర్త అక్కగారు. మూడు వీధుల అవతల ఇరవయ్యేళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతోంది. ఆమె వెళ్ళేసరికి చేతికత్తెర బల్ల మీద పాస్‌పోర్టు ఫోటోలు కోస్తోంది. పిడి ఎత్తి దించినప్పుడల్లా ఒకే మొహం ఎనిమిది ముక్కలవుతోంది.

“ఏమ్మా, మా తమ్ముడు ఏమన్నాడు?”

“మీ తమ్ముడి సంగతి కాదొదినా.” జరిగిందంతా చెప్పింది. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది. ఫోటోల కోసం కూర్చున్న ఒకాయన పేపరు దించి వినడం మొదలెట్టాడు. “చెరపొద్దని రాసుందిగా అంటాడు. ఆయన మొహమ్మీద అంటాడు! డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి. బొమ్మలుండకూడదు, పాటలుండకూడదు, మాటలుండాలి. నీ దగ్గర పెళ్ళి ఫోటోలన్నీ డిస్కుల్లోనే ఇస్తావుగా?”

వదిన ముక్కల్ని కవర్లో వేసి పేపరాయనకిచ్చి పంపించింది. వెనక గదిలో దుమ్ముపట్టిన కంప్యూటరు పెట్టింది. “ఇది షాపు మొదలెట్టినప్పటిది. కొత్తవాటిల్లో మూడు మార్చాను. ఎవడైనా తొందర పెడితే మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.”

తెర మీద బూడిదరంగు కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో నాలుగే వరసలు. ఏవి రాయాలి? ఎక్కడ రాయాలి? రాశాక సరిచూడాలా? మొదలుపెట్టు. అంతకుమించి ఏమీ లేదు. 

“అంతేనా?”

“అంతే. అడిగిన పని చేస్తుంది, అడగని మాట మాట్లాడదు. మా పుట్టింట్లో అలాంటివాళ్ళు పుట్టలేదు.” వదిన ఒక డిస్కు పెట్టి చూపించింది. “ఇదిగో, రాసినదాన్ని మొదట్నించీ మళ్ళీ చదువుకుంటుంది. ఎక్కడైనా తేడా వస్తే, తప్పయింది, మళ్ళీ రాస్తానంటుంది. అది కూడా మా వంశంలో లేదు.”

మూడు రోజుల్లో మొదటిసారి పాఠాలమ్మ నవ్వింది. సాఫ్ట్‌వేర్‌ని ఒక డిస్కులోకి ఎక్కించుకుని చీర కొంగులో చుట్టుకుంది. గుమ్మం దాటుతుంటే వదిన వెనకనించి కేకేసింది. “సంతకం పెట్టావంటే ఇక్కడికి రాకు!”

*

గురువారం మర గొంతు ఒక్క గ్రాఫిక్ కూడా అనలేదు. “ఏవి రాయాలి,” అంది. “ఎక్కడ రాయాలి,” అంది. చుక్కలాయన నాలుగు వరసలూ రెండుసార్లు పైనించి కిందికీ కిందినించి పైకీ విని, చేతులు మీటల మీంచి తీసేశాడు.

“ఏమైంది అన్నయ్యగారూ?”

“ఏం కాలేదు. అన్నీ చెబుతోంది.” ఆయన మెడ వెనక రుద్దుకున్నాడు. “మీరు వెళ్ళి భూగోళం మొదలెట్టండి. ఇది నేను చేసుకుంటాను. రేపు మీరు పక్కనుండరు కదా.”

ఆమె లోపలికెళ్ళి తలుపేసుకుంది. పోయిన భూగోళం మళ్ళీ మొదటి పేజీ నించి. ఎర్ర దీపం వెలిగించి, గుక్క తిప్పుకుని చదవడం మొదలెట్టింది. రెండో పేరాలో ఉండగా ప్లైవుడ్ గోడలోంచి మర గొంతు వచ్చింది. “ఈ డిస్కులో ఇప్పటికే తొమ్మిది ఫైళ్ళున్నాయి. చెరిపేసి రాయమంటారా?”

వాక్యం తెగింది. ఆమె పళ్ళు నూరింది. చెయ్యి దానంతటదే వెళ్ళి రికార్డింగు ఆపేసింది. అక్కడే ఆగిపోయింది.

ఆ విసుగు కొత్తది కాదు. ఆ చెయ్యి ఆ గొంతు వినగానే అలా వెళ్ళడం అదివరకు చాలాసార్లు జరిగింది. చాలాకాలంగా మాత్రం జరగలేదు. ఎందుకు జరగలేదు?

కుర్చీ చప్పుడవకుండా లేచి బయటికొచ్చింది. చుక్కలాయన సరిచూసే శబ్దం వింటూ యంత్రం మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. “ఒక్క నిమిషం అన్నయ్యగారూ,” అని మౌస్ తీసుకుని పాత సాఫ్ట్‌వేర్ తెరిచింది. మూలనున్న చక్రం బొమ్మ నొక్కింది. జాబితాలో ఐదో వరస. ‘చెరిపే ముందు అడుగు.’ దాని పక్కన గడి ఖాళీగా ఉంది.

పోయిన పరీక్షల ముందు రోజులు. రసాయనశాస్త్రం. ఒక్క సమీకరణం పూర్తవనివ్వకుండా గోడ అవతల్నించి, చెరపమంటారా, చెరపమంటారా. ఆయన భోజనానికి కిందికెళ్ళిన సమయంలో వచ్చి, వెతికి వెతికి ఆ గడిలో టిక్కు తీసేసింది. వచ్చాక చెబుదామనుకుంది. సమీకరణం మధ్యలో ఉంది, మళ్ళీ చెబుదాంలే అనుకుంది.

ఆ ప్రశ్న ఉండి ఉంటే, చుక్కల్లేని ఆ మొదటి డిస్కు పెట్టగానే గొంతు తొమ్మిదీ పదీ అనేది కాదు. ఏ రెండువందల ఫైళ్ళో ఉన్నాయనేది. ఆయన చెయ్యి ఆగిపోయేది.

 ఆమె మౌస్ వదిలేసింది.

“అన్నయ్యగారూ. ఆ ప్రశ్న ఆపింది నేను. పాతదాంట్లో. చెరిపే ముందు అడిగే ప్రశ్న.”

“తెలుసు చెల్లెమ్మా.”

“తెలుసా? ఎప్పట్నించి?”

“భోంచేసొచ్చి కూర్చున్న మొదటి డిస్కు నించే. చెరపమంటారా అని అడగలేదు. తడిమి చూస్తే మౌస్ ఇటు జరిగి ఉంది. నేను మౌస్ ముట్టనుగా.” ఆయన గొంతులో ఏమీ లేదు, ఏ హాస్టల్ నించి ఏ డిస్కు వచ్చిందో చెప్పినట్టే చెప్పాడు. “పాఠానికి అడ్డొస్తోందని ఆపారనుకున్నాను. పోన్లే అనుకున్నాను. అది నా పొరపాటు.”

“మరి సోమవారం ఆ గదిలో ఎందుకు చెప్పలేదు? నేను అక్కడే ఉన్నాను కదా?”

యంత్రం గిర్రున తిరిగి ఆగింది. “సరిచూడటం పూర్తయింది. తేడాలు లేవు,” అంది మర గొంతు.

“రేపు కానివ్వండి, చెబుతాను,” అని ఆయన ఆ డిస్కు తీసి, ఇంకోటి పెట్టాడు.

ఆమె దాన్ని దయ అనుకుంది. ఆ రోజంతా ఆ దయ గుండె మీద బండలా కూర్చుంది. ఇంట్లో భర్త ఏదో అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్పింది. ఆయన ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

*

శుక్రవారం పదకొండింటికి సూపరింటెండెంటు పైకి వచ్చి పాఠాలమ్మ కుర్చీలోనే కూర్చున్నాడు. కంప్యూటరాయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె కిటికీ దగ్గరికి, చేతులకి ఏదీ అందనంత దూరం జరిగి నిలబడింది.

చుక్కలాయన దొంతిలోంచి డిస్కు తీసి బొటనవేలితో ఒక చుట్టు తిప్పాడు. నున్నగా ఉంది. పెట్టాడు. గొంతు అడిగింది, ఆయన జవాబిచ్చాడు. “ఈ డిస్కు ఖాళీగా ఉంది. మొదలుపెట్టమంటారా?” ఎంటర్ నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. రాయడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. సూపరింటెండెంటు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. సరిచూడటానికి ఇంకో ఎనిమిది. ఆ ఎనిమిది నిమిషాల్లో చుక్కలాయన పలకలో స్టిక్కరు బిగించి, టక టక టకమని సూదితో పొడిచి సిద్ధం చేసుకున్నాడు. తేడాలు లేవని గొంతు చెప్పాక డిస్కు తీసి, నాలుగు మూలలా నొక్కి అంటించి, గుమ్మం వైపు చాపాడు.

“మార్కరుంటే మీరూ రాసుకోండి బాబూ. మీకు చుక్కలు చదవడం రాదుగా.”

కంప్యూటరాయన డిస్కు అందుకున్నాడు.

“బావుందయ్యా, బావుంది,” సూపరింటెండెంటు కుర్చీలో సర్దుకున్నాడు. “మాటంటే మాటే, కవర్ల గది సంగతి తర్వాత చూద్దాం. అయితే పోయినవి పోయినట్టే కదా. బాధ్యులు ఎవరని కమిటీ అడుగుతుంది. ఈ రిపోర్టు మాత్రం పంపక తప్పదు.” సోమవారం నాటి కాగితమే మడత విప్పి, పెన్ను మూత తీసి ఆమెకిచ్చాడు. “ఇక్కడమ్మా.”

ఆమె కాగితం తీసుకుంది. “ఇందులో పేరు తప్పు పడింది,” అంది.

చెప్పింది. గడి, టిక్కు, రసాయనశాస్త్రం, భోజనం వేళ. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు. చెబుతున్నంతసేపూ చుక్కలాయన మొహం గోడవైపే ఉంది.

“అదీ సంగతి!” అన్నాడు కంప్యూటరాయన. “నేను మొదట్నించీ అంటూనే ఉన్నాను సార్, సెట్టింగులు ఎవరో ముట్టుకున్నారని.” అతను ఎప్పుడూ అనలేదు.

సూపరింటెండెంటు ఆమె వైపు చూసి, ఒక క్షణం ఆగి, హాయిగా నవ్వాడు. “అయ్యో, మీరా? ఇంత చిన్న విషయానికి అంత మొహం పెడతారేమిటమ్మా! పాఠానికి అడ్డొస్తుంటే ఎవరైనా ఆపేస్తారు. పొరపాటు. మనుషులం కదా.” ఆమె చేతిలో కాగితం మృదువుగా లాక్కున్నాడు. ‘సదరు ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల’ అన్నచోట అడ్డంగా గీత గీసి, పైన ‘సాంకేతిక కారణాల వల్ల’ అని రాసి తనే సంతకం పెట్టాడు. కవర్ల గది ఆర్డరు తీసి రెండుగా, నాలుగుగా చింపాడు. రెండు నిమిషాలు పట్టలేదు.

నాలుగు రోజులు తిరిగి, అడుక్కుని, సాధించుకోవాలనుకున్నది ఆమె పేరు వినపడగానే దానంతటదే అయిపోయింది.

“ఇందాకటిదాకా నిర్లక్ష్యం,” అంది ఆమె. “నా పేరు చెప్పగానే పొరపాటా?”

“అమ్మా, ఆయన కిందికి వెళ్ళక్కర్లేదంటున్నాను కదా. ఇంకేం కావాలి మీకు?”

“నేనెందుకు వెళ్ళక్కర్లేదు? రెండేళ్ళ పాఠాలు పోగొట్టినవాళ్ళు కవర్లు అంటించాలని మీరే టైపు చేయించారు. సోమవారం నించి నన్ను పంపండి.”

“మీరెందుకు వెళ్తారమ్మా! మీరు...” ఆయన చెయ్యి పైకి లేచి, తన కళ్ళజోడు దాకా వచ్చి, అక్కడ ఏం చెయ్యాలో తోచక దిగిపోయింది.

గదిలో యంత్రం చల్లబడుతూ చిన్నగా టిక్కుమంది.

“ఆ పొరపాటన్న మాట ఆయనతో అనండి. ఒక్కసారి.”

సూపరింటెండెంటు లేచాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, చుక్కలాయన భుజానికి కాస్త దూరంలో గాలిని తట్టాడు. “సరేనయ్యా. అయిందేదో అయింది. వెళ్ళి పని చూసుకో.”

ఆయన అప్పటికే పని దగ్గరే కూర్చుని ఉన్నాడు.

వాళ్ళిద్దరి అడుగుల చప్పుడు మెట్ల కిందికి పోయాక ఆమె కుర్చీలో కూలబడింది.

“సోమవారమే ఆ మాట చెప్పుంటే ఈ నాలుగు రోజులూ మీకీ క్షోభ ఉండేది కాదు కదా అన్నయ్యగారూ. నన్ను కాపాడాలని ఊరుకున్నారా?”

“మిమ్మల్ని నేను కాపాడ్డమేమిటి?” ఆయనకి నిజంగానే ఆశ్చర్యం వేసింది. “మీకేమవుతుంది గనక? చెబితే ఏమవుతుందో నాకు సోమవారమే తెలుసు. ఇందాక అయిందే అవుతుంది. ఆయన నవ్వుతాడు, అమ్మా అంటాడు, కాగితం చింపుతాడు.” వేళ్ళతో బల్ల మీద సూదిని వెతికి పట్టుకున్నాడు. “అది పక్కన నిలబడి వినబుద్ధి కాలేదు. దానికంటే కవర్లు అంటించుకోవడమే నయమనిపించింది.”

ఆమె లేచి నిలబడింది.

“మీరేమో ఇవాళ వినిపించారు,” అన్నాడు. అందులో నిష్ఠూరం ఉందో లేదో ఆమెకి తెలియలేదు. పలకలో కొత్త స్టిక్కరు బిగించాడు. “పరీక్షలు మన కోసం ఆగవు. భూగోళం ఎంతవరకూ వచ్చింది?”

“మళ్ళీ మొదటి నించే.”

“అయితే వెళ్ళండి.”

లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఎర్ర దీపం వెలిగించింది. ‘భూమి ఉపరితలంలో మూడొంతులు నీటితో కప్పబడి ఉంది’ అన్న వాక్యం ఆమె గొంతులోంచి ఎవరినో నిలదీస్తున్నట్టు వచ్చింది. పేరా చివరిదాకా అలాగే చదివి, ఆపి, విని, మళ్ళీ మొదటినించి చదివింది. మూడోసారికి గొంతు మామూలైంది. నిదానంగా, మెత్తగా, పిల్లలకి అలవాటైన పాఠాలమ్మ గొంతు.

మూడింటినీ మార్చి మార్చి వింది. రెండోదీ మూడోదీ తీసేసి, మొదటిదే ఉంచింది. రెండో పేరాకి పేజీ తిప్పింది.